పిడికెడు గెలుపు

జీతానికి పనిచేసేవానికి నెల తిరిగేసరికి ఫలితం చేతికి అందుతుంది. ఆ నెల అతడు ఉత్సాహంతో పనిచేసినా, విసుగుతో పనిచేసినా ఆ ఫలితం ఆగదు. పొరపాటు చేస్తే మందలించే అధికారి ఉంటాడు. బాగా చేస్తే మెచ్చుకొనే సహచరుడు ఉంటాడు. స్వతంత్రంగా ఒక వృత్తినో, వ్యాపారాన్నో నెలకొల్పుకొన్న మనిషికి ఈ ఆలంబనలేవీ లేవు. తెల్లవారి లేచి కొట్టు తలుపు తీయవలసినవాడూ అతడే. తీయకపోతే ఎందుకు తీయలేదని అడుగవలసినవాడూ అతడే. పెట్టుబడి పోవడం కంటికి కనిపించే నష్టం. అంతకు ముందే, కంటికి కనిపించకుండా పోయేది ఉత్సాహం. మూతపడిన కొట్లలో ఎన్నింటికో, తలుపునకు తాళం పడక మునుపే యజమాని మనస్సునకు తాళం పడి ఉంటుంది.

ఇట్లా పోయిన ఉత్సాహం మరల ఏ విధంగా వస్తుంది? మంచి మాటలు వింటే వస్తుందని కొందరు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకొంటే వస్తుందని కొందరు అంటారు. పెద్ద లాభం ఒకటి వచ్చిపడితే తానే తిరిగి వస్తుందని ఎక్కువమంది నమ్మకం. అయితే పెద్ద లాభానికై ఎదురుచూచేవాడు, అది వచ్చేలోపుగానే అలసిపోతాడు. ఉత్సాహం లేనిదే లాభం రాదు. లాభం లేనిదే ఉత్సాహం రాదు. ఈ ముడి విప్పడానికి మన పెద్దలు ఏనాడో ఒక దారి చూపినారు: ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. రచ్చకు పోయే ధైర్యం ఇంటి గెలుపులోనుంచే పుట్టవలెనని ఆ మాటకు భావం. ఇందులోని సత్యం ఎంతటిదో ఒక మనిషి జీవితంలో పరిశీలింతాం.

ఈనాడు మన పట్టణాలలోనే గాక పల్లెలలోకూడ ‘జిరాక్సు’ అన్న పలక కనిపించని బజారు అరుదు. ప్రశ్నపత్రాలకై ఉపాధ్యాయులూ, ధ్రువపత్రాల నకళ్లకై విద్యార్థులూ ఆ గుమ్మం ఎక్కనివారుండరు. ఆ యంత్రానికి మూలపురుషుడు చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికా దేశస్థుడు. ఆయన 1906లో జన్మించినాడు. తండ్రి దీర్ఘరోగి కావడంచేత బాల్యంలోనే కుటుంబభారం ఆయనమీద పడినది. పదిహేడేండ్ల వయస్సులో తల్లిని కోల్పోయినాడు. పనులు చేసుకొంటూనే చదివి 1930లో భౌతికశాస్త్రంలో పట్టభద్రుడైనాడు. అది ఆర్థికమాంద్యపు కాలం. దొరికిన ఉద్యోగం 1933లో ఊడిపోయినది. తరువాత న్యూయార్కులో ఒక విద్యుత్పరికరాల సంస్థలో, నూతన కల్పనలకు హక్కుపత్రాలు సంపాదించే శాఖలో చేరినాడు.

ఆ శాఖలో ప్రతి పత్రానికీ అనేక ప్రతులు కావలసి వచ్చేవి. తిరిగి టైపు చేయించవలెను, లేదా ఛాయాచిత్రం తీయించవలెను. మొదటిదానికి కాలం పట్టేది. రెండవదానికి డబ్బు పట్టేది. మీట నొక్కగానే ప్రతి వచ్చే సాధనం ఎందుకుండరాదు? ఈ ప్రశ్న ఆయనను పట్టుకొన్నది. సాయంకాలాలు గ్రంథాలయంలో చదువు. తీరిక వేళల ఇంటి వంటగదిలో గంధకంతో ప్రయోగాలు. వెలుతురు పడినచోట విద్యుత్తును పోనిచ్చే పదార్థాలు కొన్ని ఉన్నవని ఆయన గ్రహించినాడు. ఆ గుణాన్ని ఆశ్రయించి, తడి రసాయనాలు లేకుండా పొడితోనే అక్షరాలను దింపవచ్చునన్నది ఆయన ఊహ.

ఊహ వేరు, పని జరగడం వేరు. ప్రయోగాలు చెయ్యి తిరిగినవానితో చేయించదలచి, ఆస్ట్రియానుంచి శరణార్థిగా వచ్చిన ఆటో కోర్నీ అనే భౌతికశాస్త్రజ్ఞుని సహాయకునిగా పెట్టుకొన్నాడు. న్యూయార్కులోని ఆస్టోరియా అనే పేటలో ఒక చిన్న గది అద్దెకు తీసుకొన్నాడు. 1938 అక్టోబరు 22వ తేదీన ఆ గదిలో గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో గట్టిగా రుద్ది, దానికి విద్యుదావేశం కలిగించినారు. గాజుపలకమీద సిరాతో ఆనాటి తేదీని, ఆస్టోరియా అన్న పేరును వ్రాసి, దానిని రేకుమీద పెట్టి, కొన్ని క్షణాలు దీపపు వెలుగు పడనిచ్చినారు. పలక తీసివేసి, లైకోపోడియం అనే మొక్కనుంచి తీసిన మెత్తని పొడిని చల్లి ఊదినారు. అక్షరాలున్న చోట మాత్రం పొడి నిలిచినది. దానిని మైనపుకాగితంమీదికి అద్ది వేడిచేస్తే అక్షరాలు అంటుకొన్నవి. ఆ చిన్న కాగితపు ముక్కయే నేటి జిరాక్సు ప్రతులన్నింటికీ ఆది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఆ గదిలో ఆ కాగితాన్ని చూచినవారు ఇద్దరు. కోర్నీకి అందులో పెద్ద ఆశ ఏదీ గోచరింపలేదు. ఏడాది తిరుగకముందే ఆయన వేరొక ఉద్యోగం చూచుకొని వెళ్లిపోయినాడు. కార్ల్‌సన్ మాత్రం నిలిచినాడు. ఒకే గెలుపు ఒకరికి గెలుపుగానూ, మరొకరికి మరకగానూ కనిపించడానికి కారణమేమి? కార్ల్‌సన్ మనస్సులో ఎన్నాళ్లనుంచో ఒక ప్రశ్న ఉన్నది: ఈ పద్ధతి అసలు పనిచేస్తుందా? ఆ కాగితం ఆ ప్రశ్నకు సమాధానం. యంత్రంగా అమ్ముడుపోతుందా అన్నది వేరు ప్రశ్న. దానికి ఆనాడు సమాధానం లేదు, ఉండనక్కరలేదు. పెద్ద ప్రశ్నను విడగొట్టి చిన్న ప్రశ్న వేసుకొన్నవానికే చిన్న గెలుపు గెలుపుగా కనిపిస్తుందని ఈ ఉదంతంవల్ల నాకు తోస్తున్నది.

ఆ తరువాత వచ్చినది దీర్ఘమైన నిరాశాకాలం. 1939 మొదలు 1944 వరకు ఇరవైకి పైగా సంస్థలు ఆయన కల్పనను నిరాకరించినవి. దీనిని పూర్తిగా విడిచిపెట్టుదామని పలుమార్లు నిశ్చయించుకొన్నాననీ, ప్రతిసారీ తిరిగి దీనిదగ్గరకే వచ్చినాననీ ఆయనయే అనంతరం చెప్పుకొన్నాడు. ఆ మధ్యకాలంలో ఆయనకు దక్కినవి చిన్న గెలుపులే. 1942లో ముఖ్యమైన హక్కుపత్రం మంజూరైనది. 1944లో ఒహాయో రాష్ట్రంలోని బాటెల్ పరిశోధనసంస్థ ఆ పద్ధతిని అభివృద్ధి చేయడానికి అంగీకరించినది. 1947లో రోచెస్టరు నగరంలోని హాలాయిడ్ అనే చిన్న కంపెనీ ముందుకు వచ్చినది. మొదటి ప్రయోగానికి సరిగా పదేండ్లు నిండిన 1948 అక్టోబరు 22న ఆ పద్ధతిని లోకానికి ప్రకటించినారు. సామాన్య కార్యాలయాలలో వాడదగిన 914 అనే యంత్రం వెలువడినది 1959లో. మైనపుకాగితానికీ ఆ యంత్రానికీ నడుమ ఇరవైయొక్క సంవత్సరాలు! ఆ దూరాన్ని ఒక్క అంగలో దాటవలసి వస్తే దాటగలవారెవరు? నడుమనున్న మెట్లే ఆయనను నడిపించినవి.

ఈ అనుభవాన్ని శాస్త్రజ్ఞులుకూడ పరిశీలించినారు. కార్ల్ వైక్ అనే అమెరికా ఆచార్యుడు 1984లో చిన్న విజయాలను గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. సమస్యను మరీ పెద్దదిగా ఊహించుకొన్నప్పుడు మనస్సు కలవరపడి ఆలోచనాశక్తి సన్నగిల్లుతుందనీ, దానినే చిన్న పనులుగా విడదీసి ఒక్కొక్కటి పూర్తిచేస్తే తరువాతి పనికి త్రోవ తెరచుకొంటుందనీ ఆయన ప్రతిపాదన. టెరెసా అమాబిల్, స్టీవెన్ క్రేమర్ అనే మరి ఇద్దరు పరిశోధకులు ఏడు సంస్థలలోని 238 మందిచేత ప్రతిదినమూ దినచర్య వ్రాయించి, సుమారు 12,000 దినచర్యలను పరిశీలించి 2011లో గ్రంథం ప్రకటించినారు. అర్థవంతమైన పనిలో ఏ కొంచెం ముందడుగు పడినా ఆనాడు మనిషి ఉల్లాసంగా ఉంటున్నాడని వారు తేల్చినారు. అంతేకాదు, ముందడుగు ఇచ్చే సంతోషంకంటె వెనుకంజ కలిగించే దుఃఖం బలమైనదని వారు కనుగొన్నారు. అందుచేత ఒక ఓటమిని మరపింపజేయడానికి ఒక గెలుపు చాలదు. చిన్నవైనా సరే, గెలుపులు తరచుగా రావలెను.

మన తెలుగునాటకూడ ఇందుకు నిదర్శనం ఉన్నది. రాజమహేంద్రవరంలో కోసూరి వేంకటరత్నంగారు స్వదేశోద్యమకాలంలో కలాల తయారీకి పూనుకొన్నారు. సామాన్యునకు పనికివచ్చే స్వదేశవస్తువు చేయుమని గాంధీమహాత్ముడు ఆయనకు సలహా ఇచ్చినట్లు ప్రసిద్ధి. విదేశపు కలాలు బజారు నిండా ఉన్న రోజులవి. పెద్ద యంత్రాగారం లేదు. ఉన్నదల్లా చేతి నేర్పు. తయారైన కలం కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరినది. దానిని వాడి చూచినాననీ, అంగళ్లలోని విదేశపు కలాలకు బదులుగా పనికివస్తుందనీ 1935 జులైలో గాంధీజీ జాబు వ్రాసినారు. ఒక్క కలం, ఒక్క జాబు. లెక్కకు స్వల్పమే గాని, ఆ బలంతో సాగిన రత్నం కలాలు తరతరాల విద్యార్థుల జేబులలో నిలిచినవి.

అయితే చిన్న పనులన్నీ చిన్న గెలుపులు కావు. సరుకు కదలని కొట్టులో బల్లలు జరిపి సర్దడం, పేరుపలకకు కొత్త రంగు వేయించడం చేతికి పని కల్పిస్తవి గాని వ్యాపారం ఒక అడుగు ముందుకు వేయదు. గెలుపు అనిపించుకొనడానికి మూడు లక్షణాలుండవలెను. అది పూర్తి కావలెను. సగం చేసిన పది పనులకంటె ముగించిన ఒక్క పని మేలు. అది మన చేతిలోనిదై ఉండవలెను. నేడు పదిమంది కొనవలెనని కోరుకొనడం మన వశం కాదు, పదిమందిని కలిసి మాట్లాడడం మన వశం. అది పెద్ద లక్ష్యం వైపునకే చూడవలెను. కొత్తగా కుట్టుపని నేర్చి కొట్టు పెట్టుకొన్న మనిషి మొదటి వారంలో ఒక్క చొక్కాను మాట ఇచ్చిన రోజుకు, సరియైన కొలతకు అందించగలిగితే ఈ మూడూ సమకూరినట్లే. ఆ సంగతిని ఆ రాత్రి ఒక పుస్తకంలో వ్రాసుకొనడం మంచిది. నిరాశ కమ్మిన దినాన మనస్సు గెలుపులను మరచిపోతుంది, కాగితం మరచిపోదు.

మరొక్క సంగతి దాచరాదు. చిన్న గెలుపు అప్పు తీర్చదు. పదిమందికి నమూనా చూపితే ఒక్కరైనా మరల రాకపోతే, ఆ వస్తువును మార్చవలసి ఉన్నదని తెలియవస్తుంది. కొన్ని సందర్భాలలో ఆ వ్యాపారాన్ని గౌరవంగా విరమించవలసినదనికూడ తెలియవచ్చును. సర్వస్వం ఒడ్డి తెలుసుకొనడంకంటె కొద్దిపాటి ఖర్చుతో తెలుసుకొనడం వివేకం కదా! చిన్న అడుగు వేసేవానికి వెనుదిరిగే దారి మిగిలి ఉంటుంది.

ఈ విషయం ఉపాధ్యాయులకు కొత్త గాదు. లెక్కలంటే భయపడే బాలునికి భాగహారం బదులు వానికి వచ్చిన కూడికను ముందు ఇచ్చి, అది సరిగా చేసిన తరువాత ఒక్క మెట్టు పైకి తీసుకొనిపోవడం మీరు నిత్యమూ చేసేదే. స్వయంగా చేసి గెలిచిన అనుభవమే మనిషికి తన శక్తిమీద నమ్మకాన్ని అన్నింటికంటె బలంగా కలిగిస్తుందని ఆల్బర్టు బండూరా అనే మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1977లో సిద్ధాంతీకరించినాడు. నేడు మీ తరగతిలో కూర్చున్నవారిలో కొందరు రేపు ఉద్యోగానికి పోక, తమ కాళ్లమీద తాము నిలువబోయేవారు. అప్పుడు వారి ప్రక్కన ఉపాధ్యాయుడుండడు, మార్కులు వేసేవారుండరు. తమ పనిని తామే చిన్న మెట్లుగా విడదీసుకొని, ఎక్కిన ప్రతి మెట్టునూ నిజాయితీగా గుర్తించడం వారు బడిలోనే నేర్చుకొంటే, ఆ ఒంటరి దినాలలో అది వారికి తోడుగా ఉంటుంది.