క్యాన్సర్ లెక్కల్లో మన వాళ్ళు

ఈ దేశంలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, ఆస్పత్రివారు ఆ సంగతి చట్టప్రకారం రాష్ట్ర క్యాన్సర్ రిజిస్ట్రీకి తెలియజేయాలి. రోగి అనుమతి అడగరు. ఇది విని మన మిత్రులు కొందరు కలవరపడుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకొని కాల్చే ఆడవాళ్ళు మనకు తెలిసినవారే. ఒక్క రోగిని చూసిన డాక్టరుకు అంగిట్లో ఒక పుండు మాత్రమే కనబడుతుంది. ఊళ్ళకు ఊళ్ళు లెక్క తీసినప్పుడే ఆ అడ్డపొగకూ అంగిలి క్యాన్సరుకూ ఉన్న సంబంధం గట్టిగా తేలింది. రిజిస్ట్రీ చేసే పని కూడా ఇటువంటిదే.

కనెక్టికట్ రాష్ట్రం 1941లో రిజిస్ట్రీ ప్రారంభించి, 1935 నాటి కేసుల వరకు వెనక్కి వెళ్ళి నమోదు చేసింది. 1971 నాటి జాతీయ క్యాన్సర్ చట్టం తరువాత, 1973లో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 'సీర్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అది కొన్ని ప్రాంతాలకే పరిమితం. 1992లో కాంగ్రెసు చేసిన చట్టంతో, అట్లాంటాలోని సి.డి.సి. మిగిలిన రాష్ట్రాల రిజిస్ట్రీలకు కూడా ధనసహాయం చేయసాగింది. ఒక రాష్ట్రంలో కాపురముండి ప్రక్క రాష్ట్రంలో వైద్యం చేయించుకుంటే, ఆ రెండు రాష్ట్రాలూ వివరాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అట్లాంటాకు పంపేటప్పుడు మాత్రం పేర్లు తీసివేస్తారు. కాబట్టి భయం అక్కరలేదు.

మన చిక్కల్లా వేరు. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కించకుండా పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు పోల్చి చూస్తారు. మన ఇంటిపేరు ఒక ఆస్పత్రిలో ముందుంటుంది, ఇంకొక చోట వెనుక, మరొక చోట పొడి అక్షరమై కూర్చుంటుంది!

జాతి గడి సంగతీ అంతే. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవారిలో కలిపారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. క్యాన్సర్ రిజిస్ట్రీల్లోనైతే 2010 వరకు మనకూ పాకిస్తానీయులకూ కలిపి ఒకటే కోడు. ఇప్పుడు విడి కోడు ఉన్నా, ఫారం ఖాళీగా వదిలితే ప్రయోజనం లేదు. ఇక్కడికి వచ్చాక మన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ పెరుగుతున్నదా, ఇక్కడే పుట్టిన మన పిల్లలకు ఏది ఎక్కువ వస్తున్నది అన్న ప్రశ్నలకు జవాబు ఆ గడుల్లోనే ఉంది.

'పెద్ద జబ్బు' అని పేరెత్తకుండా దాచుకునే అలవాటు మనది. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే పోనీయండి. ఆస్పత్రి ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్లే పేరు వ్రాయండి, పుట్టిన దేశం వ్రాయండి. ఇక్కడే స్థిరపడిన అమ్మానాన్నల ఫారాలు మీరే దగ్గరుండి నింపండి.