చెయ్యి చాచకముందే

మార్చి సగం గడిచేసరికే మా వైపు ఎండ ముదిరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల్లో 43, 44 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రోజుల్లోనే రోడ్ల పక్కన చలివేంద్రాలు వెలుస్తాయి. నాలుగు గుంజలు, పైన కొబ్బరి మట్టలు, కింద ఇసుక పోసి దానిమీద రెండు పెద్ద కుండలు, వాటి చుట్టూ తడిపిన గోనెపట్టా. అంతే, పెద్ద ఖర్చేం లేదు.

నేను పుట్టింది ప్రొద్దుటూరు దగ్గర, మెట్టింది కర్నూలు. రెండుచోట్లా ఈ పందిళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. కోస్తా నుంచి వచ్చిన నా స్నేహితురాలొకామె "మంచినీళ్ళివ్వడం కూడా ఒక సాయమేనా?" అని ఓసారి నవ్వింది. కాలవగట్టున పుట్టిన మనిషి, ఆమెనని లాభం లేదు. బోరింగు దగ్గర గంటసేపు నిలబడి, కొట్టికొట్టి చేతులు బొబ్బలెక్కితే ఒక బిందె నిండే ఊళ్ళు మావి. ట్యాంకరు వచ్చిందంటే పొయ్యిమీది కూర మాడిపోతున్నా వదిలేసి పరుగెత్తాల్సిందే. అలా తెచ్చుకున్న నీళ్ళలోంచి రెండు బిందెలు తీసి, ముక్కూ మొహం తెలియని బాటసారి కోసం కుండలో పోయడమంటే మాటలా?

ఎర్రగుంట్ల వైపు వెళ్ళేదారిలో ఒక అవ్వ చాలా ఏళ్ళు అలా నీళ్ళు పోసింది. చెట్టుకింద కూర్చుని, పొద్దున పూట ఉత్త నీళ్ళు, మధ్యాహ్నం అల్లం, కరివేపాకు దంచి వేసిన పలచని మజ్జిగ. "రోజుకెన్ని బిందెలు పడతాయవ్వా?" అని అడిగాను. "లెక్కబెడితే పొయ్యబుద్ధి గాదు బిడ్డా" అంది. నేను గమనించినదేమిటంటే, దాహంతో వచ్చినవాడు ఆమెను అడిగే అవసరమే ఉండేది కాదు. మనిషి రోడ్డు దాటుతుండగానే చెంబు ముంచేది. తాగేటప్పుడు మొహంలోకి చూసేది కాదు. "ఏ ఊరు, ఎవరివాళ్ళు?" అని ఆరా తీసేది కాదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. చెంబు ఎత్తిపట్టి దోసిట్లోకి నీళ్ళు పోసే పద్ధతి మన పాత చలివేంద్రాల్లో ఊరికే రాలేదు. కొందరు పాత్ర ముట్టుకోకూడదనే అంటరానితనం దానివెనక ఉంది. దాహం తీర్చిన చెయ్యే మనిషిని దూరంగానూ నిలబెట్టింది. ఆ అవ్వ మాత్రం చెంబే చేతికిచ్చేది. నాకు ఆమె మజ్జిగకన్నా అది బాగా గుర్తుండిపోయింది.

ఇప్పటి చలివేంద్రాల సంగతి మీకూ తెలుసు. పందిరికన్నా ఫ్లెక్సీ పెద్దది. ప్రారంభోత్సవానికి రిబ్బను, ఫోటోలు, పదిమంది నవ్వుమొహాలు. వారం తిరగ్గానే కుండ అడుగున చీమలు. అందరూ అలా ఉన్నారనను. సీజనంతా ఓపిగ్గా నడిపే వాళ్ళున్నారు. కానీ వాళ్ళ పందిట్లో చూడండి, నీళ్ళు మోసి నింపేది ఎక్కువగా పక్కింటి ఆడమనిషే. ఆమె ఫోటో ఏ ఫ్లెక్సీలోనూ ఉండదు.

ఇవ్వడంలో ఈ రెండు తరహాలూ మా సీమకు కొత్తవి కావు. 1876 నుంచి 78 వరకు వచ్చిన కరువును ఇప్పటికీ పెద్దవాళ్ళు ధాత కరువంటారు. ఆ కరువులో మద్రాసు రాజధానిలో సర్కారు సాయం చెయ్యకపోలేదు. చేసిన తీరే దారుణం. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా లేదు. రాళ్ళు కొట్టే మనిషికి అది! పైగా సొంత ఊరి దగ్గర పని ఇవ్వకూడదు, పదిమైళ్ళ అవతల ఉన్న పనికే పంపాలి. నిజంగా ఆకలయితే నడిచివస్తాడు, రాకపోతే ఆకలి లేనట్టే అని లెక్క. నడవలేక దారిలోనే కూలబడినవాడు ఏ లెక్కలోకి వస్తాడో ఆ దొరకే తెలియాలి.

దానికి పదేళ్ళ ముందు, 1866 కరువులో, కోవెలకుంట్ల దగ్గరి ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఇంకోలా చేశాడు. ఉయ్యాలవాడ అనగానే అందరికీ నరసింహారెడ్డే గుర్తుకొస్తాడు, సినిమా కూడా వచ్చింది కదా. అదే ఊళ్ళో ఈయన తన గాదెలు తెరిచి, వచ్చిన వాళ్ళకు వచ్చినట్టు అన్నం పెట్టించాడు. వేలమంది తిని బతికారని చెప్పుకుంటారు. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. పతకం సంగతి అలా ఉంచండి, మా పల్లెల్లో ఆయన మీద పాటలు పుట్టాయి. అయితే నాకు ఒక సందేహం తీరదు. అంతమందికి వండి వార్చిన చేతులెవరివి? పొయ్యిల దగ్గర నిలబడిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరైనా నేనెక్కడా చదవలేదు. ఆ అదృష్టం గోదావరి వైపు డొక్కా సీతమ్మగారికి (1841-1909) దక్కింది. ఇవాళ మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. సంతోషమే.

కడప జిల్లాలో కాశినాయన పేరు తెలియనివాళ్ళుండరు. 1995లో సమాధి అయిన ఆ అవధూత పేరుమీద ఒక మండలమే ఉంది. నల్లమలలోని జ్యోతి క్షేత్రంలోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోని ఆయన ఆశ్రమాల్లోనూ అన్నదానం సాగుతోంది. నేను వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం దాటి చాలాసేపయింది. వంట అయిపోయిందంటారేమో అని బిడియపడుతుంటే, ఆకు వేసి "కూర్చోమ్మా" అన్నారు తప్ప ఇంకో ప్రశ్న లేదు. నా పక్కన కూర్చున్నది గొర్రెల కాపరి. వడ్డించేవాడి గరిటె మా ఇద్దరి దగ్గరా ఒకే తీరుగా పడింది.

మనకు పెట్టడం తెలుసు, పెట్టించుకోవడం ఎలా ఉంటుందో తెలియదు. కర్నూలు వాళ్ళకు అది 2009 అక్టోబరు 2న తెలిసింది. తుంగభద్ర, హంద్రి రెండూ ఊళ్ళోకి వచ్చేశాయి. కింది అంతస్తుల్లోవాళ్ళు కట్టుబట్టలతో పక్కవాళ్ళ మిద్దెలెక్కారు. మేమూ ఎక్కాం. అంతకుముందు ఆ ఇంటి వాళ్ళకూ మాకూ పెద్దగా మాటల్లేవు. చెత్త ఎవరి వాకిట్లో పడిందన్న దగ్గర వచ్చిన తగాదా. ఆ రాత్రి ఆ ఇంటావిడ తన డబ్బాలో ఉన్న బొరుగులన్నీ పెద్ద పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టి, ముందు తనే ఒక పిడికెడు తీసుకుని "తినండక్కా, పొద్దున్నించీ వీటితోనే ఉన్నాం" అంది. ఆమె ముందు తినకపోయి ఉంటే నా చెయ్యి ఆ పళ్ళెం దాకా వెళ్ళేది కాదేమో.

నీళ్ళు తీశాక వేరే ఊళ్ళనుంచి అన్నం పొట్లాలు, పాలు, బట్టలు వచ్చాయి. తెచ్చినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. కానీ బట్టల మూటలు విప్పితే కొన్నిట్లో జాకెట్లు లేని చీరలు, గుండీలు ఊడిన చొక్కాలు, మరకల దుప్పట్లు. ఇంట్లో బరువు తగ్గించుకోవడానికి పంపినవి చూడగానే తెలిసిపోతాయి. ఒక మూటలో మాత్రం ఉతికి, గంజి పెట్టి మడతపెట్టిన నేతచీర, దాని మడతలో కొత్త లోపలి లంగా, ఒక దువ్వెన, చిన్న కాటుక డబ్బీ. ఎవరు పంపారో తెలియదు. బురదలో నాలుగు రోజులున్న ఆడదానికి ఏం కావాలో ఆలోచించిన మనిషి. ఈసారి ఎక్కడైనా వరదో అగ్నిప్రమాదమో జరిగి మీరు బట్టలిస్తుంటే, మీరు కట్టుకుని బజారుకు వెళ్ళగల చీరే ఇవ్వండి. లోబట్టలు, ఆ నాలుగు రోజులకు కావలసిన గుడ్డలు ఎవరికీ గుర్తుకు రావు. అవి ముందు పెట్టండి.

అన్నిటికన్నా నేను ఎక్కువ నేర్చుకున్నది పెద్దాసుపత్రిలో. కర్నూలు పెద్దాసుపత్రికి ఒక్క జిల్లావాళ్ళే రారు. అనంతపురం, పాలమూరు నుంచి, కర్ణాటకలోని బళ్ళారి, రాయచూరు వైపు నుంచి కూడా రోగులొస్తారు. రోగికి ఆసుపత్రి అన్నం పెడుతుంది. తోడు వచ్చినవాళ్ళ గతి? చేతిలో ఉన్న డబ్బు మందులకు, ఆటోలకు, ఊరికి ఫోన్లకు. మొదట తగ్గేది తోడొచ్చిన ఆడమనిషి తిండే.

మా అత్తగారికి బాగాలేక పన్నెండు రోజులు అక్కడ వార్డులో ఉన్నాను. పక్క మంచం మీద ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక చిన్నపిల్లాడు, వాడికి తోడు తల్లి. రెండు రోజులుగా ఆమె టీ, బన్ను తప్ప ఏమీ తినడం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. వార్డులో ఒకావిడ పూరీ పొట్లం తెచ్చి, అందరి ముందూ "పాపం, తిను" అని ఇచ్చింది. "వద్దమ్మా, తిన్యా" అని ఆ పిల్ల మొహం తిప్పుకుంది. ఇచ్చినావిడ చిన్నబుచ్చుకుని "మంచికి పోతే ఇంతే" అని గొణిగింది.

ఎదురు మంచం దగ్గర నంద్యాల ఆమె ఒకతె ఉండేది, ఇంటినుంచి రోజూ క్యారియర్ వచ్చేది. ఆమె ఆ పొద్దు ఏమీ ఇవ్వలేదు. "మేయ్, నేను మందుల చీటీ పట్టుకుని కిందికి పోవాల, మా ఆయన సెలైన్ అయిపోతాదేమో కాస్త చూస్తావా?" అని అడిగింది. ఆ పిల్ల గంటసేపు ఆ సీసామీది నుంచి కళ్ళు తిప్పలేదు. నంద్యాల ఆమె తిరిగొచ్చి, క్యారియర్ విప్పి నేలమీద రెండు గిన్నెలు పెట్టింది. "రా, తిందాం. ఒక్కదాన్నే తింటే నాకు దిగదు." సంగటి, పప్పుచారు, గోంగూర ఊరిమిండి. ఆ పిల్ల వచ్చి కూర్చుంది. ఆ తర్వాత రోజూ వాళ్ళిద్దరి మధ్యా పనీ అన్నం అలా కలగలిసి నడిచిపోయాయి. ఎవరు ఎవరికి చేస్తున్నారో మూడో మనిషికి తెలిసేది కాదు.

అన్న క్యాంటీన్ల దగ్గర కూడా నేను ఇదే చూశాను. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. 5 రూపాయలకు భోజనం. ఆ 5 రూపాయలతో ఖర్చులో ఎంత తీరుతుంది అని మావారు లెక్కలు తీస్తుంటారు. లెక్క సంగతి సరేగానీ, కూలిపని చేసే ముసలాయన రొంటిలోంచి నాణెం తీసి కౌంటర్ మీద పెట్టి, ప్లేటు అందుకుని, "ఇంకొంచెం సాంబారు పొయ్యప్పా" అని అడిగే గొంతు ఒకసారి వినండి. ఉచితంగా పెట్టే చోట అంత దర్జాగా ఎవరూ సాంబారు అడగరు.

డబ్బు అక్కరలేని సాయాలు కూడా చాలానే ఉన్నాయి. ఆసుపత్రి చీటీ మీద ఏ గది రాశారో చదివి, చెయ్యి చూపించి వదిలెయ్యకుండా గుమ్మందాకా తోడు వెళ్ళడం. బస్టాండులో బోర్డు చదవలేని పెద్దామెను పత్తికొండ బస్సు ఎక్కించి, ఎక్కడ దింపాలో కండక్టరుకు చెప్పడం. బ్యాంకులో డబ్బు తీసుకునే ఫారం నింపిపెట్టడం, అందులోని అంకె పక్కవాళ్ళకు వినపడకుండా చదివి చెప్పడం. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. ముసలివాళ్ళ ఖాతాలో ఎంతుందో బ్యాంకు హాలంతా వినాల్సిన పనిలేదు కదా.

ఇక కర్నూలు పడమటి వైపు ఊళ్ళ మాట. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో పంట పోయిన ఏడు దీపావళి దాటగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. సుగ్గికి పోవడమంటారు. మొగుడూ పెళ్ళాం గుంటూరు వైపు పత్తి ఏరడానికో, మిరపకాయలు కోయడానికో, లేకపోతే బెంగుళూరు కట్టుబడి పనులకో వెళ్ళిపోతారు. బడిపిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్ళు పెడుతోంది. కదల్లేని ముసలివాళ్ళు మాత్రం ఇంటి అరుగుమీద ఉండిపోతారు. కొడుకు పంపే డబ్బులూ పింఛనూ ఉంటాయి, వండుకునే ఓపిక ఉండదు. పోనీ ఇరుగుపొరుగు పెడతామంటే, సేద్యం చేసి పదిమందికి పెట్టిన చెయ్యి, పళ్ళెం పట్టడానికి ఒప్పుకోదు.

కోసిగి దగ్గర ఒక ఊళ్ళో మా బంధువులింటికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం చూశాను. ఎదురింటి ఇల్లాలు ఒక గిన్నెలో జొన్నరొట్టెలు, ఇంకో గిన్నెలో కూర పెట్టి తన కూతురి చేతికిచ్చి పంపింది. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. అరుగుమీది అవ్వ దగ్గరికి వెళ్ళి, "అవ్వా, మాయమ్మకు జలుబు జేసింది, నాలిక్కు రుచి తెలీడంలేదంట. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నిన్ను తిని చెప్పమంది" అని అప్పజెప్పింది.

అవ్వ రొట్టె తుంచి కూరలో అద్దుకుంది. నిదానంగా నమిలి, "కారం కాస్త తగ్గించమను మీయమ్మను" అంది. రెండో రొట్టె కూడా తీసుకుంది.

ఆ ఇల్లాలికి జలుబు చేసి ఎన్నాళ్ళయిందని మా వాళ్ళను అడిగాను. "వాళ్ళు సుగ్గికి పోయినప్పటి నుంచీ" అన్నారు.