బేగంపేట రాడార్‌కు అందని రెండు కిలోమీటర్లు

ఏప్రిల్, మే నెలల్లో మబ్బు పడితే వరంగల్ రైతు గుండె గుబేలుమంటుంది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కుప్పలుగా పోసి ఉంటాయి. మామిడి కోతకు వస్తుంటుంది. గాలిదుమారం అరగంట వీచినా ఏడాది కష్టం నేలపాలే. 2023 మార్చిలో దుగ్గొండి మండలంలో రాళ్లవాన మొక్కజొన్న చేలను పడుకోబెట్టింది. దెబ్బతిన్న పంటలకు ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించారు.

ఈ వానను ముందే పట్టుకునే యంత్రం డాప్లర్ రాడార్. దాని పుట్టుక యుద్ధంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాల కోసం వెతుకుతున్న రాడార్ తెరల మీద వాన మచ్చలు పడి సిబ్బందిని విసిగించేవి. యుద్ధం ముగిశాక శాస్త్రవేత్తలు ఆ మచ్చలనే చదవడం మొదలుపెట్టారు. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం మారుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లోనే చెప్పాడు. ఆ సూత్రం తోడయ్యాక చినుకులు ఎంత వేగంతో దగ్గరికొస్తున్నాయో, దూరమవుతున్నాయో కూడా తెలిసింది. మన దేశంలో 2002లో చెన్నైలో, 2004లో మచిలీపట్నంలో ఇలాంటివి పెట్టారు. అప్పటి భయం తుపానులది కాబట్టి తీరానికే తొలి వాటా దక్కింది. హైదరాబాద్ బేగంపేటకు రాడార్ ఆ తర్వాత వచ్చింది.

బేగంపేట నుంచి వరంగల్ నేరుగా సుమారు 130 కిలోమీటర్లు. రాడార్ పంపిన తరంగం అక్కడి మబ్బును తాకి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. బంగాళాఖాతం తేమ, మండే నేల వేడి, పైన ద్రోణి కలిస్తే క్యుములోనింబస్ మేఘం పది కిలోమీటర్లకు పైగా ఎదుగుతుంది. అందులో వడగళ్లు పెద్దవైతే తెర మీద ఎరుపు, ఊదా రంగులు చిక్కబడతాయి. వాటిని చూసి వాతావరణ కేంద్రం వచ్చే మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరిక ఇస్తుంది.

అయితే భూమి గుండ్రం. అర డిగ్రీ వంపుతో బయలుదేరిన కిరణం వరంగల్ చేరేసరికి నేలకు రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. మేఘం నడుము, తల కనిపిస్తాయి, కాళ్లు కనిపించవు. రేకులు లేపేసి, కరెంటు స్తంభాలను కూల్చే ఈదురుగాలి నేలను తాకేది ఆ కనిపించని భాగంలోనే. ములుగు, భూపాలపల్లి వైపు వెళ్లేకొద్దీ కిరణం ఇంకా పైకి పోతుంది. రాష్ట్రంలోని వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు గాలివాన లెక్క చెబుతాయి కానీ, అది మీదికి వచ్చాకే. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన దామిని యాప్ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్లలోని పిడుగుల జాడ చెబుతుంది. పొలంలో ఉన్నవాళ్లకు ప్రాణం కాపాడే సమాచారం అది. గాలి సంగతి మాత్రం దానికి తెలియదు.

అందుకే ఓరుగల్లు పరిసరాల్లో ఒక రాడార్ కావాలని నా గట్టి అభిప్రాయం. రాడార్ల సంఖ్య పెంచేందుకు 2024లో కేంద్రం 2,000 కోట్లతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. ఆ పంపకంలో ఈసారి తీరంతో పాటు వడ్లు, మిర్చి పండే ఈ మెట్టనేలనూ లెక్కలోకి తీసుకోవాలి. హెచ్చరిక అరగంట ముందు అందినా చాలు, కొనుగోలు కేంద్రంలో సరిపడా టార్పాలిన్లు ఉంటే కుప్పలన్నీ కప్పేయొచ్చు.