ఆలస్యంగా వచ్చినవారి పింఛను

నందిపేట్‌ వైపు ఊళ్లలో తల్లి బీడీలు చుట్టి చదివించిన పిల్లలు సర్కారు కొలువులో చేరేసరికి ముప్ఫై అయిదు దాటిన సందర్భాలు ఎన్నో చూశాను. చదువు మధ్యలో ఆగడం, కూలికి పోవడం, మళ్లీ పుస్తకం పట్టడం: ఈ ఆలస్యం వెనుక కులం ఉంది. కేంద్ర నియామకాల్లో ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు వయోపరిమితి సడలించింది అందుకే.

పింఛను లెక్కకు వచ్చేసరికి ఆ సడలింపు ఎవరికీ గుర్తుండదు. 2025 ఏప్రిల్‌ 1 నుంచి కేంద్రం అమలు చేస్తున్న ఏకీకృత పింఛను పథకంలో చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం దక్కాలంటే 25 ఏళ్ల సర్వీసు ఉండాలి. అరవై ఏళ్లకు విరమణ గనుక 35 లోపు చేరాలి. 38వ ఏట చేరినవారికి మిగిలేది 22 ఏళ్లే. సగానికి బదులు 44 శాతం.

ఉమ్మడి రాష్ట్రం నుంచి తెలంగాణకు సంక్రమించిన సీపీఎస్‌ 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారిది. అందులో ఇంత వస్తుందన్న హామీయే లేదు. తక్కువ ఏళ్లు కడితే తక్కువ నిధి. పొలమో, పట్నంలో ఇల్లో ఉన్నవారికి ఇది కొంత లోటు. మొదటి తరం ఉద్యోగికి వెనుక ఉన్నది తల్లికొచ్చే 2,016 రూపాయల బీడీ పింఛను. పాత పింఛను కోసం జరిగిన ధర్నాల్లో నేనూ కూర్చున్నాను. వేదిక మీద ఈ మాట వినబడలేదు.

1972 నాటి కేంద్ర పింఛను నియమాల్లో 30వ నియమం ఉండేది. పరిశోధన వంటి ప్రత్యేక అర్హతలు కావలసిన కొలువుల్లో ఆలస్యంగా చేరినవారికి అయిదేళ్ల వరకు సర్వీసు కలిపేవారు. కులం వల్ల జరిగిన ఆలస్యానికీ అదే అయిదేళ్లు కలపమని ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో రాయాలి.