ఎంత కోయాలి?

ప్రారంభ దశలో దొరికిన పురీషనాళ క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదు. కానీ చిన్న ఆపరేషన్ అందరికీ సరిపడదు

మలంలో రక్తం కనబడితే మొలలని సర్దిచెప్పుకుని నెలల తరబడి నాటు మందులు మింగడం మన దగ్గర మామూలే. అందుకే పురీషనాళ క్యాన్సర్ రోగుల్లో చాలామంది సర్జన్‌ను చేరేసరికి వ్యాధి ముదిరిపోయి ఉంటుంది. తొలి దశలోనే బయటపడిన అదృష్టవంతులకు మాత్రం మరో చిక్కు ప్రశ్న ఎదురవుతుంది: ఎంతమేరకు కోయించుకోవాలి?

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో వెల్లడించిన పద్ధతిలో పురీషనాళంతోపాటు మలద్వారాన్నీ తొలగించేవారు. ఇక జీవితాంతం పొట్ట మీద సంచే గతి. 1982లో మరో బ్రిటిష్ సర్జన్ బిల్ హీల్డ్ దారి మళ్లించారు. పురీషనాళం చుట్టూ ఉండే కొవ్వు పొరను, అందులోని లింఫ్ గ్రంథులతో సహా, చెక్కుచెదరకుండా తీసేయడమే ఆయన కిటుకు. టోటల్ మీసోరెక్టల్ ఎక్సిషన్ అనే ఈ ఆపరేషనే నేటికీ ప్రామాణికం. దీంతో వ్యాధి అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గింది, ఎంతోమందికి మలద్వారం దక్కింది. కానీ రోజుకు పలుమార్లు ఆపుకోలేని విరేచనాలు, మూత్ర, లైంగిక సమస్యలు కొందరిని ఏళ్ల తరబడి వెంటాడతాయి. రోగి అడగడానికి సిగ్గుపడతాడు, డాక్టర్‌కు చెప్పే తీరిక ఉండదు.

రెండో దారి మలద్వారం గుండానే. జర్మన్ సర్జన్ గెర్హార్డ్ బూయెస్ 1980లలో రూపొందించిన టెమ్, 2010లో వెలుగు చూసిన టామిస్ పద్ధతుల్లో పొట్ట కోయరు. కణితిని, దాని చుట్టూ కాస్త మంచి కణజాలాన్ని మాత్రమే తొలగిస్తారు. రోగి త్వరగా ఇల్లు చేరతాడు. మెలికల్లా, లింఫ్ గ్రంథులు లోపలే ఉండిపోతాయి. పేగు గోడలోని కండరం దాకా పోని టీ1 దశలో కూడా దాదాపు పదిమందిలో ఒకరికి గ్రంథుల్లో క్యాన్సర్ ఉండొచ్చు. కండరంలోకి పాకిన టీ2లో ఈ ముప్పు ఇంచుమించు రెట్టింపు. అందుకే 3 సెంటీమీటర్ల లోపు ఉండి, గోడ చుట్టుకొలతలో 30 శాతం మించని, రక్తనాళాల్లోకి చొరబడని టీ1 కణితులకే దీన్ని సిఫార్సు చేస్తారు. ఎమ్మారై ఎంత భరోసా ఇచ్చినా అసలు తీర్పు పాథాలజీ రిపోర్టుదే. అందులో తేడా వస్తే మళ్లీ పెద్ద ఆపరేషన్ తప్పదు.

అసలు కోయకుండా వేచిచూసే పద్ధతీ ఉంది. రేడియేషన్, కీమోథెరపీతో కణితి పూర్తిగా మాయమైన రోగులను ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చని బ్రెజిల్ సర్జన్ ఏంజెలీటా హబర్-గామా 2004లో ప్రకటించినప్పుడు తోటి సర్జన్లు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు అనుభవమున్న కేంద్రాల్లో అది ఆమోదం పొందిన మార్గం. తిరగబెట్టిన కణితిని వెంటనే గుర్తిస్తే చాలామందిని ఆపరేషన్‌తో కాపాడొచ్చు. కాకపోతే తొలి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి ఎండోస్కోపీ, ఎమ్మారై తప్పనిసరి. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో కూలి మానుకుని అన్నిసార్లు నగరానికి రాలేని రోగికి డాక్టర్ చివరికి సూచించేది హీల్డ్ ఆపరేషనే.