మీకు తెలుసా? ఆఫీసు కూడా వారసత్వ కట్టడమే!

వారసత్వం అనగానే ఓరుగల్లు వాసులకు కోట, వేయిస్తంభాల గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప గుర్తొస్తాయి. అదే జాబితాలో రోజూ ఫైళ్లు కదిలే ఒక సర్కారీ ఆఫీసు కూడా ఉంది!

• అది చండీగఢ్ సచివాలయం. 1950ల్లో వాస్తుశిల్పి లె కార్బూజియే రూపకల్పనలో కాంక్రీటుతో కట్టారు. పొడవు 254 మీటర్లు. పంజాబ్, హర్యానా రెండు రాష్ట్రాల పాలన ఇక్కడి నుంచే. 2016లో కాపిటల్ కాంప్లెక్స్‌లో భాగంగా ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

• యునెస్కోకు వయసు పట్టింపు లేదు. మన కేంద్ర చట్టం (1958) ప్రకారం మాత్రం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం వందేళ్లు నిండాలి.

• ఆ చట్టం పరిధిలోకి రాని 1972 నాటి ఢిల్లీ ప్రదర్శనశాల ‘హాల్ ఆఫ్ నేషన్స్’ను కాపాడాలని ఎందరు కోరినా 2017లో కూల్చేశారు.

• వరంగల్ ఆర్‌ఈసీ (నేటి ఎన్‌ఐటీ)కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1959 అక్టోబర్ 10న. ఆ తర్వాత లేచిన అక్కడి భవనాలేవీ 2059 లోపు ఆ వందేళ్ల గీత దాటలేవు.