ఆర్పరాని యంత్రము

మా ముత్తాతగారి శతకమును తాటాకులు చూచి నేరుగా వెబ్‌సైటులోనికే టైపు చేసితిని. పద్యములు మా యింటి కంప్యూటరుననే యున్నవని నా భ్రమ.

వెబ్‌సైటనఁగా కొన్ని ఫైళ్లు. వానిని దాఁచుకొని, రేయుంబవలు మేల్కొని, అడిగినవారికెల్ల నకలు పంపు కంప్యూటరునే సర్వరందురు. 1990లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ నడపిన తొలి వెబ్ సర్వరు బల్లమీఁద నుంచుకొను కంప్యూటరే. ఎవరైన నార్పుదురేమోయని, ఇది సర్వరు, ఆర్పవలదని యెఱ్ఱసిరాతో వ్రాసిన చీటి దానికంటించిరి. ఆర్పినచో నందలి పుటలు లోకమునకు కానరావు గదా!

మన యిండ్ల కరెంటు సంగతి మీరెఱుఁగనిది కాదు. కావున నొరుల సర్వరులో చోటద్దెకు తీసికొందుము, అదియే హోస్టింగు. డొమైను పేరు వేఱు. అది కేవలము ఇంటి చిరునామా వంటిది; దాని రుసుము దానిదే.

నేను పేరుకు సొమ్ము చెల్లించి, చోటుకు చెల్లింప మఱచితిని. ఒకనాఁడు తెఱచి చూడఁగా పేరున్నది, పద్యములు లేవు. గడువు దాఁటినంత తుడిచివేసిరఁట. అదృష్టవశమునఁ దాటాకులటకమీఁదనే యున్నవి. మరల మొదటి పద్యమునుండి టైపు చేయుచున్నాను. ఏనాఁటి పద్యములకానాఁడే పెన్‌డ్రైవులో నకలు తీయుచున్నాను.